హ్యావ్ అంటే 'కలిగి ఉండు' కాదు: ఒక చిన్న మాట, నాలుగు పనులు

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంగ్లీష్ మాట గురించి. హ్యావ్. దాని వెంట తిరిగే హ్యాజ్, హ్యాడ్, హ్యావింగ్ కూడా. ఇంత చిన్న మాటకి ఒక ఎపిసోడ్ అవసరమా అనిపించొచ్చు. అవసరమే. ఎందుకంటే ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చేటప్పుడు, డాక్టరుకి జబ్బు చెప్పేటప్పుడు, మేనేజరుకి మెసేజ్ పెట్టేటప్పుడు మనం చెప్పింది అవతలివాళ్ళకి "అయిపోయింది" అని వినిపిస్తుందా, "ఇంకా ఉంది" అని వినిపిస్తుందా అన్నది చాలాసార్లు ఈ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

స్కూల్లో మనకి దీని అర్థం ఏమని చెప్పారు? 'కలిగి ఉండు'. అనువాదం చేసే యాపులు కూడా అప్పుడప్పుడు ఇదే తెలుగు ఇస్తుంటాయి. సరే, అలాగే ఒక వాక్యం చెప్దాం. "నేను ఇద్దరు తమ్ముళ్ళను కలిగి ఉన్నాను." ఈ వాక్యం మీ ఇంట్లో అమ్మతో అని చూడండి. "ఏమైందిరా నీకు?" అంటుంది. ఎందుకంటే తెలుగువాళ్ళెవరూ అలా మాట్లాడరు. "నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు" అంటాం. అంతే.

మనం ఎప్పుడూ నోటితో అనని ఒక మాటని పట్టుకుని, దాని ద్వారా ఇంగ్లీష్ నేర్చుకోవాలని చూస్తున్నాం. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. అందుకే ఈ రోజు ఆ 'కలిగి ఉండు'ని పక్కన పెట్టేద్దాం. దాని బదులు ఇంకో మాట ఇస్తాను. 'చేతిలో ఉంది.' ఈ మూడు నిమిషాల్లో కాకపోయినా, ఎపిసోడ్ అయ్యేసరికి ఇది ఎందుకు ఇచ్చానో మీకే తెలుస్తుంది.

మన దగ్గర హ్యావ్ ఎందుకు లేదు

ముందు ఒక సంగతి. వాడుక తెలుగులో హ్యావ్‌కి సరిగ్గా సరిపోయే క్రియ లేదు. ఇది మన భాషలో లోటు కాదు. హిందీలో 'మేరే పాస్ హై' అంటారు, అంటే నా దగ్గర ఉంది. తమిళంలో 'ఎన్ కిట్ట ఇరుక్కు', అదీ నా దగ్గర ఉందనే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే అడగండి, అరబిక్‌లో 'ఇందీ' అంటారు, దానర్థం కూడా నా దగ్గర అనే. రష్యన్ భాష కూడా ఇదే పద్ధతి. ప్రపంచంలో ఇలాంటి భాషలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఈ నాలుగు వాక్యాలు వినండి. నాకు తమ్ముడు ఉన్నాడు. నాకు చెల్లి ఉంది. నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు. నాకు రెండు ఇళ్ళు ఉన్నాయి.

గమనించారా? 'నాకు' మారలేదు. ఉన్నాడు, ఉంది, ఉన్నారు, ఉన్నాయి అని క్రియ మారుతోంది. తమ్ముడిని బట్టి, చెల్లిని బట్టి, ఇళ్ళను బట్టి మారుతోంది. అంటే తెలుగు వాక్యంలో హీరో మన దగ్గర ఉన్న మనిషో వస్తువో. మనం పక్కన నిలబడి ఉంటాం.

ఇంగ్లీష్‌లో తలకిందులు. "ఐ హ్యావ్ ఎ బ్రదర్. ఐ హ్యావ్ ఎ సిస్టర్. ఐ హ్యావ్ టూ హౌసెస్." ఎన్ని ఉన్నా, ఎవరున్నా క్రియ కదలదు. యజమాని మారితేనే కదులుతుంది. "షి హ్యాజ్ టూ హౌసెస్." ఇక్కడ హీరో యజమాని.

హ్యావ్, హ్యాజ్ తికమక చాలామందికి ఇక్కడే వస్తుందని నాకనిపిస్తుంది. "మై ఫ్రెండ్ హ్యావ్ టూ బ్రదర్స్" అని వింటుంటాను. బ్రదర్స్ ఇద్దరు కదా, అందుకని హ్యావ్ అనేస్తారు. తెలుగు అలవాటు ప్రకారం కళ్ళు బ్రదర్స్ మీదకి వెళ్ళాయి. కళ్ళు ఫ్రెండ్ మీద పెట్టండి. ఫ్రెండ్ ఒక్కరే. కాబట్టి హ్యాజ్. మీకు తెలివి తక్కువై వచ్చిన తప్పు కాదిది, మీ అమ్మభాష ఇంకో వైపు నుంచి చూస్తుంది కాబట్టి వచ్చిన తప్పు. ఈ తేడా తెలిస్తే సిగ్గుపడాల్సిన పని ఉండదు, సరిచేసుకోవడం కూడా తేలిక.

పదాల పుట్టుక చదివేవాళ్ళు చెప్పేదేమంటే, హ్యావ్ అనే మాట 'పట్టుకోవడం' అనే అర్థమున్న చాలా పాత ధాతువు నుంచి వచ్చింది. మనం వాడే క్యాప్చర్ అనే మాట కూడా అదే ధాతువు నుంచి లాటిన్ దారిలో వచ్చింది. అంటే మనం "నాకు ఉంది" అంటుంటే, వాళ్ళు "నేను పట్టుకున్నాను" అంటున్నారన్నమాట. చేతిలో ఉంది. నేనా మాట ఇచ్చింది ఇందుకే. ఇక పనుల్లోకి వెళ్దాం.

మొదటి పని: ఉంది

ఇది మీకు తెలిసినదే. "ఐ హ్యావ్ ఎ బైక్", నాకు బైక్ ఉంది. "దిస్ ఫోన్ హ్యాజ్ త్రీ కెమెరాస్", ఈ ఫోన్‌కి మూడు కెమెరాలున్నాయి. "ఐ హ్యావ్ ఎ హెడేక్", నాకు తలనొప్పిగా ఉంది.

ఇక్కడ తెలుగే ఇంగ్లీష్ కంటే సన్నగా చూస్తుంది. "నాకు డబ్బుంది" అంటే నేను ఉన్నవాణ్ణి అని. "నా దగ్గర డబ్బుంది" అంటే ప్రస్తుతం జేబులో ఉందని. ఇంగ్లీష్‌లో రెంటికీ "ఐ హ్యావ్ మనీ" అనే. జేబులో ఉన్న సంగతే చెప్పాలంటే చివర ఒక తోక తగిలించాలి. "ఐ హ్యావ్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఆన్ మి" లేదా "విత్ మి".

లేదు అని చెప్పాలంటే? "ఐ డోంట్ హ్యావ్ ఎ బైక్." అడగాలంటే? "డు యు హ్యావ్ చేంజ్?" అంటే చిల్లర ఉందా అని. 'ఉంది' అనే అర్థంలో వాడినప్పుడు డు, డజ్, డిడ్ సాయం తెచ్చుకోండి. "ఐ హ్యావ్ నాట్ బైక్" అనకండి.

ఇప్పుడు అసలు చిక్కు, హ్యావింగ్. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్", "ఐ యామ్ హ్యావింగ్ ఎ బైక్". మన దేశంలో ఇలా మాట్లాడితే అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఆగి చూడరు కూడా. కానీ రాతలో, ఇంటర్వ్యూలో, వేరే దేశం క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు ఇది తప్పుగానే లెక్క. ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. "షి హ్యాజ్ ఎ బేబీ" అంటే ఆమెకి పాపో బాబో ఉన్నారు. "షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే ఆమె గర్భవతి, బిడ్డ పుట్టబోతోంది. ఇప్పుడు "మై సిస్టర్ ఈజ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అని మీ అమెరికా టీమ్ లీడ్‌తో అన్నారనుకోండి. కవలలు పుట్టబోతున్నారనుకుని ఆయన కంగ్రాట్స్ చెప్పొచ్చు. మీ అక్కకి ఇద్దరు పిల్లలున్నారని చెప్పడం మీ ఉద్దేశం.

మరి హ్యావింగ్ ఎక్కడ వాడాలి? తినడం, తాగడం, స్నానం చేయడం, సరదాగా గడపడం, మీటింగ్‌లో ఉండటం. అంటే ఒక పని నడుస్తున్నప్పుడు. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్", అన్నం తింటున్నాను. "వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్", మీటింగ్ జరుగుతోంది. చిట్కా ఒక్కటే. మీ తెలుగు వాక్యం చివర 'తున్నాను', 'తోంది' లాంటిది వస్తే హ్యావింగ్ పర్వాలేదు. ఉత్త 'ఉంది' వస్తే హ్యావ్ మాత్రమే.

ఇంకో చక్కటి జోడీ. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం పేరు మీరు వినే ఉంటారు, "ఐ హ్యావ్ ఎ డ్రీమ్". నాకొక కల ఉంది. చేతిలో పట్టుకున్న కల, ఇంకా వదలని కల. అదే "ఐ హ్యాడ్ ఎ డ్రీమ్ లాస్ట్ నైట్" అంటే రాత్రి నాకు కల వచ్చింది. తెల్లారింది, పోయింది. హ్యావ్‌కి హ్యాడ్‌కి మధ్య ఉన్న దూరం అది.

రెండో పని: చేసింది చేతిలో ఉంది

ఇది అన్నిటికంటే ముఖ్యం. హ్యావ్ పక్కన మూడో రూపం, అదేనండి వి త్రీ. "ఐ హ్యావ్ డన్", "ఐ హ్యావ్ సీన్", "ఐ హ్యావ్ ఈటెన్".

ప్రాబ్లమ్ ఏంటంటే, తెలుగులో "చేశాను" అనే ఒక్క మాట "ఐ డిడ్"కీ పనికొస్తుంది, "ఐ హ్యావ్ డన్"కీ పనికొస్తుంది. అందుకే రెండూ ఒకటేలే అనిపిస్తుంది. కానీ తేడా తెలుగులో కూడా ఉంది, మనం గుర్తించం, అంతే. "అన్నం వండాను" ఒక మాట. "అన్నం వండి పెట్టాను" ఇంకో మాట. రెండోదాంట్లో ఏం వినిపిస్తోంది? గిన్నెలో అన్నం ఉంది, వచ్చి తినొచ్చు అని. వండటం ఎప్పుడో అయింది, ఫలితం ఇప్పుడుంది. "ఐ హ్యావ్ కుక్డ్" కూడా దాదాపు అంతే.

ఇది నేను ఊరికే అతికిస్తున్న పోలిక కాదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్‌లో "నేను చేప పట్టాను" అనడానికి, "పట్టిన చేప నా చేతిలో ఉంది" అన్న తీరులో వాక్యం కట్టేవాళ్ళు. అక్కడి నుంచే ఈ హ్యావ్ ప్లస్ వి త్రీ పెరిగింది. అందుకే దీనికి ఎప్పుడూ 'ఇప్పుడు' అనే వాసన ఉంటుంది. అందుకే నిన్న, పోయిన వారం, 2019లో లాంటి ముగిసిపోయిన టైం దీని పక్కన నిలవదు. "ఐ హ్యావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే" తప్పు. "ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే" లేదా నిన్న తీసేసి "ఐ హ్యావ్ సెంట్ ఇట్".

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఫోన్ ఇంటర్వ్యూలో మీ కంపెనీ గురించి అడిగారు. "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అన్నారు. వినేవాళ్ళకి అర్థమయ్యేది, మీరు అక్కడ మానేశారని. తర్వాత మీరు నోటీస్ పీరియడ్ గురించి చెప్తే వాళ్ళకి అనుమానం వస్తుంది. ఉద్యోగం లేనివాళ్ళకి నోటీస్ పీరియడ్ ఏంటి అని. మీరు అబద్ధం చెప్పలేదు. కానీ మాట అలా వినిపించింది. ఇంకా పనిచేస్తుంటే "ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" లేదా "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ టూ ఇయర్స్". చేతిలో ఇంకా ఉంది కాబట్టి హ్యావ్.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా అనేది ఇంకొకటి ఉంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్." ఇది అచ్చంగా తెలుగు. "రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను." మన 'నుంచి' చాలా మంచిది, 2022 నుంచి అన్నా సరే, రెండేళ్ళ నుంచి అన్నా సరే, ఒకటే మాట. ఇంగ్లీష్ ఒప్పుకోదు. మొదలైన చోటు చెప్తే సిన్స్, "సిన్స్ 2022", "సిన్స్ మండే". ఎంత కాలమో చెప్తే ఫర్, "ఫర్ టూ ఇయర్స్", "ఫర్ త్రీ డేస్". తెలుగులో "నుంచి" ప్లస్ "చేస్తున్నాను" వచ్చిందంటే ఇంగ్లీష్‌లో "హ్యావ్ బీన్" రావాలి. దీన్ని బట్టీ పట్టేయండి, నష్టం లేదు.

డాక్టర్ దగ్గర కూడా అంతే. ఇంటికి దూరంగా, తెలుగు రాని ఊళ్ళో ఉన్నారు. "ఐ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది. "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజుల నుంచి ఉంది, ఇంకా తగ్గలేదు. ఈ రెంటికీ డాక్టర్ వేసే తర్వాతి ప్రశ్న వేరు. హ్యావ్ హ్యాడ్ అని రెండుసార్లు ఎందుకొచ్చింది అంటే, మొదటిది సాయానికి వచ్చింది, రెండోది అసలు పని చేసేది. 'ఉంది' అనే హ్యావ్‌కి వి త్రీ హ్యాడ్. అంతకుమించి అందులో రహస్యమేం లేదు.

ఈ తేడాకి పేరున్న ఉదాహరణ ఒకటి చెప్తాను. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 చంద్రుడి వైపు వెళ్తుండగా ఆక్సిజన్ ట్యాంకు పేలింది. జాక్ స్వైగర్ట్ అనే వ్యోమగామి కింద హ్యూస్టన్‌లో ఉన్న కేంద్రానికి చెప్పాడు. ఆ తర్వాత కమాండర్ జిమ్ లోవెల్ కూడా అదే చెప్పాడు. వాళ్ళన్న మాట "వి హ్యావ్ హ్యాడ్ ఎ ప్రాబ్లమ్" అని. అంటే ఇప్పుడే ఇక్కడ ఏదో జరిగింది, దాని ఫలితం మా ముందుంది అని. 1995లో సినిమా తీసినప్పుడు దాన్ని "వి హ్యావ్ ఎ ప్రాబ్లమ్" అని మార్చారు. మాకు సమస్య ఉంది. ఒక్క హ్యాడ్ తీసేస్తే ప్రమాదం ఇంకా నడుస్తున్నట్టు ఉంటుంది, తెరమీద అది బాగా పండింది. జనానికి గుర్తున్నది సినిమా మాటే. ఆ ముగ్గురు వ్యోమగాములూ ఏప్రిల్ 17న క్షేమంగా తిరిగొచ్చారు.

మూడో పని: చేయాలి

"ఐ హ్యావ్ టు గో", నేను వెళ్ళాలి. ఇది కూడా అదే చేతిలో నుంచి పుట్టింది. "ఐ హ్యావ్ ఎ లెటర్ టు రైట్", నాకు రాయాల్సిన ఉత్తరం ఒకటుంది. పని చేతిలో ఉంది. అదే మెల్లగా "ఐ హ్యావ్ టు రైట్ ఎ లెటర్" అయింది. మనం కూడా "నాకు పనుంది" అంటూనే కదా వెళ్ళాలని చెప్తాం.

పలికేటప్పుడు ఒక సంగతి. ఇక్కడ హ్యావ్ టు అని విడివిడిగా పలకరు, "హ్యాఫ్టు" అన్నట్టు వినిపిస్తుంది. హ్యాజ్ టు కూడా "హ్యాస్టు" అవుతుంది. సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూసేటప్పుడు చెవి పెట్టి వినండి, దొరుకుతుంది.

జాగ్రత్త పడాల్సింది కాదు అని చెప్పేటప్పుడు. "యు డోంట్ హ్యావ్ టు కమ్ టుమారో" అంటే రేపు రావక్కర్లేదు. వస్తే వద్దనరు. "యు మస్ట్ నాట్ కమ్ టుమారో" అంటే రేపు రాకూడదు. తెలుగులో అక్కర్లేదు, కూడదు అని రెండు మాటలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి. ఇంగ్లీష్ వినగానే లోపల ఈ రెంటిలో ఒకటి అనుకోండి. కొత్త ఉద్యోగంలో మేనేజర్ "యు డోంట్ హ్యావ్ టు వర్క్ దిస్ శాటర్‌డే" అంటే మిమ్మల్ని పక్కన పెట్టినట్టు కాదు, సెలవిచ్చినట్టు.

దీనికి చుట్టం ఒకటుంది, హ్యాడ్ బెటర్. "యు హ్యాడ్ బెటర్ లీవ్ నౌ", ఇప్పుడే బయల్దేరడం మంచిది. అర్థం చూస్తే సలహాలా ఉంది. కానీ లోపల 'లేకపోతే చూస్కో' అనే బెదిరింపు ఉంటుంది. ఫ్రెండ్‌తో అనొచ్చు. మేనేజర్‌కి "యు హ్యాడ్ బెటర్ కాల్ మి" అని మెసేజ్ పెట్టకండి. "కుడ్ యు ప్లీజ్ కాల్ మి" చాలు.

నాలుగో పని: చేయించాను

తెలుగులో మనకి చేశాను, చేయించాను అని రెండున్నాయి. కుట్టాను, కుట్టించాను. ఇంగ్లీష్‌లో ఆ 'ఇంచు' పని హ్యావ్ చేస్తుంది. "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారని వినిపించొచ్చు. సెలూన్‌లో చేయించుకుంటే "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్". ఫోన్ బాగుచేయిస్తే "ఐ హ్యాడ్ మై ఫోన్ రిపేర్డ్".

మాటల వరుస చూడండి. హ్యాడ్, తర్వాత వస్తువు, తర్వాత వి త్రీ. వరుస మార్చి "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై ఫోన్" అన్నారా, "అప్పటికే నేను నా ఫోన్ బాగుచేసేశాను" అయిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో వారంటీ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మీకు ఖర్చు తెచ్చిపెట్టొచ్చు. మీరే విప్పారనుకుంటారు మరి.

అన్నట్టు, "ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్" అంటే ఫోన్ దొంగతనం చేయించానని కాదు. నా ఫోన్ పోయింది, ఎవరో కొట్టేశారు అని. వరుస అదే, సందర్భమే అర్థం చెప్తుంది. కావాలని చేయించినా, మన నెత్తిన వచ్చి పడినా, ఇంగ్లీష్‌కి హీరో యజమానే.

గుర్తుపెట్టుకోవాల్సింది

మొత్తం ఒకసారి చుట్టేద్దాం. వస్తువు చేతిలో ఉంటే "ఐ హ్యావ్ ఎ ఫోన్". చేసిన పని ఫలితం చేతిలో ఉంటే "ఐ హ్యావ్ డన్ ఇట్". చేయాల్సిన పని చేతిలో ఉంటే "ఐ హ్యావ్ టు డు ఇట్". పని వేరేవాళ్ళ చేత చేయిస్తే "ఐ హ్యాడ్ ఇట్ డన్". నాలుగింటిలోనూ హ్యావ్ అదే, చుట్టూ ఉన్న మాటలే మారాయి.

తెలుగు మీడియంలో చదివి, అన్నీ తెలిసి కూడా ఇంటర్వ్యూ గదిలో నోరు విప్పని పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి రూల్స్ తెలియక కాదు. లోపల తెలుగు వాక్యం వస్తుంది, దాన్ని మాటకి మాట మార్చబోయి మధ్యలో ఆగిపోతారు. మీ తెలుగుని అణచుకోకండి. "నాకు ఉంది" అని లోపల రానివ్వండి. వచ్చాక ఒక్క క్షణం ఆగి రెండే రెండు ప్రశ్నలు వేసుకోండి. యజమాని ఎవరు? ఇది ఇంకా చేతిలో ఉందా, అయిపోయిందా? ఈ రెంటికీ జవాబు తెలిస్తే హ్యావ్, హ్యాజ్, హ్యాడ్‌లలో ఏది కావాలో దానంతటదే వస్తుంది.

చిన్న హోంవర్క్. ఫోన్‌లో నోట్స్ తెరిచి మీ గురించి ఐదు వాక్యాలు రాయండి. మీకున్నది ఒకటి. ఎప్పటి నుంచో చేస్తున్నది ఒకటి. ఒకప్పుడు చేసి మానేసింది ఒకటి. రేపు చేయాల్సింది ఒకటి. ఎవరి చేతనో చేయించుకున్నది ఒకటి. రాశాక పైకి చదవండి, వాయిస్ రికార్డర్‌లో మీ గొంతు మీరే వినండి. ఐదు వాక్యాలు చాలు, మీ గురించి చెప్పమని ఎవరడిగినా మొదటి నిమిషం గడిచిపోతుంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో గెట్ సంగతి చూద్దాం, దాని పనులు ఇంతకంటే ఎక్కువ. అప్పటిదాకా, ఉంటాను మరి. నమస్తే.